కంప్యూటరు కన్నా ముందు పెన్సిలు

"మాస్టారూ! నాకు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని ఉంది. కాని మా ఇంట్లో కంప్యూటరు లేదు. పైగా నాది తెలుగు మీడియం. నావల్ల అవుతుందంటారా?"

మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరోజు నన్నడిగిన ప్రశ్న ఇది. మీలో చాలామంది మనసులో కూడా ఇదే సందేహం ఉండి ఉంటుంది. తప్పకుండా అవుతుంది! అంతేకాదు, మొదటి నెల కంప్యూటరు జోలికి పోకపోవడమే మేలని నేనంటాను. ఎందుకో చెబుతాను, వినండి.

ప్రోగ్రాం అంటే ఏమిటి? ఒక పనిని ఏ వరుసలో చేయాలో యంత్రానికి చెప్పే ఆదేశాల పట్టిక. తమ్ముడితో "టీ పెట్టరా" అంటే చాలు. పొయ్యి వెలిగించమని వాడికి విడిగా చెప్పనక్కరలేదు. కంప్యూటరుకు అన్నీ చెప్పాలి. అది చెప్పింది చెప్పినట్టే చేస్తుంది, చెప్పనిది ఊహించుకోదు. కాబట్టి పనిని మెట్లుమెట్లుగా విడదీయడం ముందు రావాలి. భాష ఆ తర్వాత.

ఈ విద్య మీకు ఇప్పటికే కొంత వచ్చు. 48, 18 ల గ.సా.భా.ను భాగహార పద్ధతిలో ఎలా కనుక్కుంటారు? 48ని 18తో భాగిస్తే శేషం 12. 18ని 12తో భాగిస్తే శేషం 6. 12ని 6తో భాగిస్తే శేషం 0. కనుక గ.సా.భా. 6. "శేషం సున్న అయ్యేదాకా ఇలాగే చెయ్యి" అన్న మాటను విడమర్చి రాస్తే అదే ప్రోగ్రాం! రెండు వేల ఏళ్ళకు పూర్వమే యూక్లిడ్ తన గ్రంథంలో ఈ పద్ధతిని వివరించాడు. ఇంగ్లండులో ఏడా లవ్‌లేస్ అనే ఆమె, బాబేజి ఊహించిన గణకయంత్రం బెర్నూలీ సంఖ్యలను ఎలా లెక్కకట్టాలో 1843లో పట్టిక వేసి ప్రచురించింది. ఆ యంత్రాన్ని బాబేజి తన జీవితకాలంలో పూర్తి చేయలేకపోయాడు. అంటే ఆమె కంప్యూటరు లేకుండానే ప్రోగ్రాం రాసిందన్నమాట!

ఇక నా సంగతి. కొన్నేళ్ళ క్రితం నన్ను ఒక శిక్షణ తరగతికి పంపారు. తెరమీద కనిపించిన ప్రోగ్రాములన్నీ చూసి ఎక్కించాను. అన్నీ చక్కగా పనిచేశాయి. సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. ఇంటికొచ్చి సొంతంగా ఒక్కటి రాద్దామని కూర్చుంటే చెయ్యి కదలలేదు! గట్టుమీద కూర్చుని చూస్తే ఈత వస్తుందా? మళ్ళీ మొదటినుంచి, కాగితం మీద మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి కూడా నోటుపుస్తకంలోనే మొదలుపెట్టింది. నెల తర్వాత బడిలోని కంప్యూటరు మీద, 1 నుంచి 10 వరకు సంఖ్యల మొత్తం చెప్పే ప్రోగ్రాం రాసింది. జవాబు 45 వచ్చింది. యంత్రం ఏ తప్పూ చూపలేదు. కాని 10ని 11తో గుణించి 2తో భాగిస్తే 55 రావాలని ఆమెకు తెలుసు. అప్పుడేం చేసిందనుకున్నారు? కాగితం మీద రెండు గడులు గీసి, తానే కంప్యూటరై ఒక్కొక్క మెట్టూ నడిచింది. సంఖ్య 1, మొత్తం 1. సంఖ్య 2, మొత్తం 3. సంఖ్య 3, మొత్తం 6. ఇలా వెళితే 45 దగ్గర సంఖ్య 9! ఆమె వాడిన పైథాన్ భాషలో 1, 10 అని హద్దులిస్తే లెక్క 10కి ముందే ఆగిపోతుంది. రెండో హద్దు 11 అని దిద్దింది. 55 వచ్చింది.

అడిగితే చాలు, ప్రోగ్రాం రాసిచ్చే సాధనాలు ఇప్పుడు వచ్చాయి. మంచివే. కాని నేర్చుకునే రోజుల్లో వాటి మీద ఆనుకోవద్దని నా అభిప్రాయం. 45 తప్పని గుర్తించే శక్తి మీకు లేకపోతే, ఆ 45నే నిజమని నమ్ముతారు. లెక్కల్లో నమ్మితే ఒక మార్కు పోతుంది. వంతెనల లెక్కల్లోనూ, మందుల మోతాదుల్లోనూ నమ్మితే?

ఏ భాష మంచిదని వాదించుకుంటూ కాలం గడపకండి. ఒకటి పట్టుకుని ఏడాదిపాటు వదలకండి. నన్నడిగితే పైథాన్ అంటాను. నెదర్లాండ్స్ వాడైన గీడో వాన్ రోసమ్ దీన్ని 1991లో విడుదల చేశాడు. ఉచితంగా దొరుకుతుంది. ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండో తరగతి కంప్యూటరు సైన్సు పుస్తకంలో పైథాన్ పాఠాలున్నాయి. దాన్ని కూడా ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. ఇంగ్లీషంటే భయమా? ఈ భాషలో తప్పనిసరిగా వాడవలసిన ముఖ్యపదాలు సుమారు 35 మాత్రమే. చలరాశులకు "మొత్తం", "శేషం" అని తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు.

తప్పు వచ్చిందని చూపే ఎర్ర అక్షరాలకు బెదరకండి. ఏ వరుసలో తప్పుందో, ఏ రకం తప్పో అందులోనే రాసి ఉంటుంది. ముందు చివరి వాక్యం చదవండి. ఏ ప్రోగ్రామైనా నడిపించే ముందు, రావలసిన జవాబు చేత్తో కట్టి పక్కన పెట్టుకోండి.

ఇవాళే మొదలుపెట్టండి. ఒక సంవత్సరం లీపు సంవత్సరమో కాదో తేల్చే మెట్లు కాగితం మీద తెలుగులో రాయండి. దాన్ని మీ స్నేహితుడికిచ్చి, "సొంత తెలివి వాడకుండా రాసింది రాసినట్టే చెయ్యి" అనండి. 1900, 2000, 2024 ఇచ్చి చూడండి. మొదటిది కాదనీ, మిగిలిన రెండూ అవుననీ రావాలి. మూడింటికీ సరిగ్గా వచ్చిందా? అయితే మీరు ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టినట్టే!