మిర్చి లారీకి రెండు రాష్ట్రాల భారమా?

మనం కొట్లాడింది రాష్ట్రం కోసం. లారీ ఓనర్ దగ్గర రెండుసార్లు పైసలు గుంజడానికి కాదు.

2014 జూన్ 2కు ముందు గుంటూరు ఏపీ 07 బండి అయినా, ప్రకాశం ఏపీ 27 అయినా, నల్లగొండ ఏపీ 24 అయినా ఒకే రాష్ట్రం పర్మిట్ మీద నడిచేది. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డెక్కిన లారీ పొందుగుల దగ్గర కృష్ణ దాటి వాడపల్లికి వస్తే ఇంకో పర్మిట్ అడిగేవాడు లేడు. ఆ రోజు నుంచి అదే రోడ్డు అంతర్రాష్ట్ర రోడ్డయింది.

ఈ సంగతి చట్టం రాసినోళ్లకు తెల్వదా? తెలుసు. అప్పటికే ఉన్న పర్మిట్లు రెండు రాష్ట్రాల్లో చెల్లుతాయని, కౌంటర్ సిగ్నేచర్ అక్కర్లేదని పునర్విభజన చట్టం 72వ సెక్షన్‌లోనే ఉంది. అయినా 2015 ఏప్రిల్ 1 నుంచి మన సర్కారే ఆంధ్ర బండ్ల మీద ప్రవేశ పన్ను మొదలుపెట్టింది. ఆంధ్ర సర్కారూ ఊరుకోలేదు. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఇక విభజన తర్వాత కొన్న కొత్త బండికి 72వ సెక్షన్ నీడ కూడా లేదు.

పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలకు దీంతో నొప్పి లేదు. వాళ్లకు నేషనల్ పర్మిట్ ఉంటది. 2010 మేకు ముందు సొంత రాష్ట్రంతో కలిపి కనీసం నాలుగు రాష్ట్రాలు ఎంచుకొని రాష్ట్రానికింత కట్టేవాళ్లు. ఆ తర్వాత ఏడాదికి 15,000, మరికొంత కాలానికి 16,500 రూపాయలు కడితే దేశమంతా తిరిగే ఏర్పాటు వచ్చింది. పసుపు ప్లేటు, ముందూ వెనకా ఎన్‌.పి. అక్షరాలు. గుంటూరు పత్తి బేళ్లతో కోయంబత్తూరు పోయే బండికి అది గిట్టుబాటే.

ఒక్క పాత లారీ పెట్టుకొని సీజన్‌లో మిర్చి టిక్కీలు మోసేటోడి సంగతేంది? అతనికి ఏడాదంతా లోడు దొరకదు. వయసు మీరిన బండికి నేషనల్ పర్మిట్టూ ఇయ్యరు. మిగిలింది తాత్కాలిక పర్మిట్. ఆ ఖర్చు కిరాయిలో కలుస్తది, కిరాయి రైతు పట్టీలోంచి పోతది. ఏ రైతు? గుంటూరు యార్డుకు మిర్చి పంపే మన ఖమ్మం, నల్లగొండ రైతు కూడా!

ఏడాదికోసారి రుసుము కట్టి రెండు దిక్కులా తిరిగే కౌంటర్ సిగ్నేచర్ పర్మిట్ ఇయ్యమని లారీ ఓనర్ల సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకున్నయి. తమిళనాడు, కర్ణాటకలతో ఉన్న పద్ధతే అది. కొత్తగా కనిపెట్టేదేం లేదు. ప్లేట్ల మీద అక్షరాలు మార్చడానికి మాత్రం ఎవరికీ ఇంత జాగు కాలేదు. 2014లో టీఎస్, 2024లో టీజీ అయింది. ఆంధ్రలో 2019లో జిల్లా నంబర్లు పోయి ఏపీ 39 వచ్చింది. ఇద్దరు రవాణా మంత్రులు ఒక్క పూట కూర్చుంటే అయ్యే పని, విభజన నాటి మొదటి నెలలోనే కావాల్సింది.