మా బాపు పేరు పెంటయ్య

మా జిల్లా సంగతి బయటివాళ్లకు చెప్పాలంటే కొంచెం తిప్పలే. "పొద్దున కామారెడ్డిల బస్సెక్కి, రామారెడ్డి పోయి, మాపటికి ఎల్లారెడ్డిల ఉన్న" అంటే ముగ్గురు పెద్దమనుషులను కలిసి వచ్చానేమో అనుకుంటారు. అవన్నీ ఊర్లే. మాది సదాశివనగర్. మా మండలంలోనే అడ్లూర్ ఎల్లారెడ్డి అని ఇంకో ఎల్లారెడ్డి ఉంది, ధర్మారావుపేట ఉంది. దోమకొండ సంస్థానం ఏలిన కామినేని వంశంలో కామారెడ్డి అనే ఆయన పేరు మీదే మా జిల్లా కేంద్రం వెలసిందని చెప్పుకుంటారు. షట్చక్రవర్తి చరిత్ర రాసిన కవి కామినేని మల్లారెడ్డిదీ ఆ వంశమే. ఊర్లకే మనుషుల పేర్లున్న చోట పుట్టినందుకో ఏమో, నాకు చిన్నప్పటి నుంచి పేర్ల పిచ్చి.

ఈ పిచ్చి ఓటర్ల లిస్టుతో మొదలైంది. ఎలక్షన్లప్పుడు బడి గోడకు అంటించేవాళ్లు. మిగతా పిల్లలు ఆడుకుంటుంటే నేను నిలబడి అది చదివేవాణ్ని. పెద్ద సాయిలు, నడిపి సాయిలు, చిన్న సాయిలు, ముగ్గురికీ తండ్రి పేరు ఒకటే! ఇదేందని బాపును అడిగితే, "ముగ్గురూ ఒక్క దేవుని మొక్కుకే పుట్టిండ్రు, ఇంకేం పేరు పెడ్తరు" అన్నాడు. అప్పటి నుంచి పేరు వినగానే అది ఏ గుట్ట దిగి వచ్చిందో పట్టుకోవడం నాకో ఆట. రాజయ్య, రాజవ్వ, రాజేశం అంటే వేములవాడ రాజన్న. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. ఐలయ్య అంటే ఐలోని, అదే ఐనవోలు మల్లన్న. యాదయ్య, యాదమ్మ యాదగిరిగుట్ట వాళ్లు. లింబాద్రి అనే పేరు వింటే కళ్లు మూసుకుని భీంగల్ లింబాద్రి గుట్ట అని చెప్పొచ్చు. పీరయ్య, ఫకీరయ్య అంటే పీర్ల దగ్గర మొక్కుకున్నారన్నట్టు. ఒక ఊరి ఓటర్ల లిస్టు ముందర పెడితే ఆ ఊరివాళ్లు ఏయే జాతరలకు బండ్లు కట్టారో చాలావరకు చెప్పేయొచ్చు. గూగుల్ మ్యాప్‌కు ఈ విద్య రాదు.

లిస్టు అంటే ఇంకోటి గుర్తొచ్చింది. మన దేశపు మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. అప్పుడు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితా నుంచి తీసేశారు. చాలామంది తమ పేరు బయటివాళ్లకు చెప్పకుండా "ఫలానా వాని తల్లి", "ఫలానా వాని భార్య" అని రాయించారు. అట్లా ఉంటే కుదరదన్నాడు ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. అవి ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లోవే. మనవాళ్లేమీ తక్కువ తినలేదులెండి. మా బాపమ్మ ఇప్పటికీ తాత పేరు నోటితో అనదు. ఆఫీసులో ఎవరైనా అడిగితే నా దిక్కు చూస్తుంది, నేను చెప్పాలి.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఒక మాట. 2010లో ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామర్, పేర్ల గురించి ప్రోగ్రామర్లు గుడ్డిగా నమ్మే 40 తప్పులను జాబితా కట్టాడు. అందరికీ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ ఉంటాయనుకోవడం అట్లాంటిదే. అది చదివితే మా ఊరే కళ్ల ముందుకొచ్చింది. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌కు పోతారు. చాలామంది పాస్‌పోర్టులో ఒకటే మాట ఉంటుంది, సాయిలు అనో గంగారాం అనో. 2022 నవంబరులో యూఏఈ, ఒక్క పేరే ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమని చెప్పింది. తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరుంటే చాలని సడలించింది. బతుకుదెరువుకు బయల్దేరినవాణ్ని ఫారంలో ఒక ఖాళీ గడి ఆపగలదు. ప్రాజెక్టులో రిజిస్ట్రేషన్ పేజీ చేసేటప్పుడు లాస్ట్ నేమ్ దగ్గర ఎర్ర చుక్క పెట్టే ముందు ఒక్కసారి ఆగండి.

ఇంత పేర్ల పిచ్చి ఉన్న నేను హాస్టల్‌లో చేరిన మొదటి వారం చేసిన పని వినండి. సీనియర్ "మీ డాడీ పేరేంది బే" అని అడిగితే "ప్రసాద్" అని చెప్పాను. అబద్ధం. మన హాస్టళ్లలో తండ్రి పేరుతో పిలుచుకునే అలవాటు మీకు తెలుసు. శ్రీనివాస్ కొడుకుని "ఏ శ్రీనూ" అంటారు, వాడూ నవ్వేసి ఊరుకుంటాడు. నాకు ఆ ధైర్యం లేదు. మా బాపు పేరు పెంటయ్య.

ఎక్కువ రోజులు దాగలేదు. ఏదో పనికి టెన్త్ మెమో జిరాక్స్ తీయించి బల్ల మీద మర్చిపోయాను. ఆ సెమిస్టరంతా నా పేరు పెంటయ్యే. కోడ్ పనిచెయ్యకపోతే "పెంటైంది", మెస్‌లో పప్పు బాగాలేకపోతే "పెంటయ్య వండిండు". నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ చేస్తారని నవ్వాను.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు బాపమ్మ మీద కోపం చేశాను. "ఇంకేం పేరే దొర్కలేదా నీకు?" అన్నాను. బాపమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ముందుగాల ఇద్దరు పోయిండ్రు కొడుకా. మీ బాపు పుట్టంగనే మా అత్త చాటల పండవెట్టి పెంట మీద పెట్టింది. పక్కింటామె ఎత్తుకపోయింది. గామెకు చాటెడు జొన్నలు పోసి మళ్ల కొనుక్కున్న. గిది పారేసిన పిల్లగాడు, మనకెందుకు అని దేవుడు ఇడిసిపెడ్తడని."

అంతే. మళ్లీ చిక్కుడుకాయలు.

ఈ సంగతి బాపు నాకెప్పుడూ చెప్పలేదు. చనిపోయిన ఆ ఇద్దరికీ పేర్లు పెట్టారో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత వెతికితే ఇది మా ఊరి సంగతే కాదని తెలిసింది. ఉత్తరాంధ్రలో తవుడు ఇచ్చి కొన్న బిడ్డను తవిటయ్య, తవిటమ్మ అంటారు. నైజీరియాలో యొరుబా వాళ్లు, వరసగా పిల్లలు పోయిన ఇంట్లో పుట్టిన బిడ్డకు మలోమో అని పెడతారు, 'మళ్లీ పోవద్దు' అని. చైనా పల్లెల్లో గౌషెంగ్ అనే పేరుంది, కుక్క తినగా మిగిలింది అని అర్థం. ఎక్కడైనా తల్లి భయం ఒకటే: బిడ్డ అందంగా ఉందని మృత్యువుకు తెలియకూడదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మందిలో 129 మంది ఏడాది నిండకముందే పోయేవాళ్లు. 2020కి అది 28 అయ్యింది, తెలంగాణలో 21. ఇప్పుడు ఎవరూ పెంటయ్య అని పెట్టడం లేదంటే ఆ అవసరం తగ్గిందన్నట్టు. ఈ పేరు మాయమైతే నాకేం బాధ లేదు, సంతోషమే. నా పేరు మా మేనమామ ఒక వెబ్‌సైట్‌లో చూసి పెట్టాడు. దానికి ఒక సైట్‌లో సూర్యుడు అని, ఇంకోదాంట్లో దేవుడిచ్చిన కానుక అని, మూడోదాంట్లో ధైర్యవంతుడు అని ఉంది. మా బాపు పేరుకు మాత్రం ఒకటే అర్థం: వీడు బతకాలి.

నా అభిప్రాయానికి వస్తాను. తండ్రి పేరుతో పిలుచుకోవడం సరదానే, మానమని నేను చెప్పను. కానీ మన నవ్వు ఎక్కడ లేస్తుందో గమనించండి. విక్రమ్, రాజశేఖర్ రావు అంటే ఎవరూ నవ్వరు. చివర అయ్య, అవ్వ ఉంటే నవ్వొస్తుంది. పోశయ్య అంటే నవ్వు, ఎల్లవ్వ అంటే ఇంకా నవ్వు. అంటే మనం పేరును చూసి నవ్వడం లేదు, ఆ పేరున్న ఇంటిని చూసి, కులాన్ని చూసి నవ్వుతున్నాం. ఇది పాత రోగమే. మాదరి భాగయ్యగా పుట్టినాయన భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభకు ఆదిఆంధ్ర అని పేరు మార్పించాడు. కంచ ఐలయ్య ఇంకో దారి పట్టాడు. ఉన్న పేరు ఉంచుకునే 2016లో దాని పక్కన షెపర్డ్ అని చేర్చుకున్నాడు. ఇద్దరూ నాకు సరే. ఎవరి పేరు వాళ్లిష్టం, ఉంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. పక్కవాడు నవ్వుతాడని దాచుకోవాల్సి రావడం ఒక్కటే నాకు ఒప్పదు. ఆ పని నేనే చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఇంకా విచిత్రం, 'బలగం' చూసి మన హాస్టలంతా ఏడ్చింది. అందులో చనిపోయిన తాత కొమురయ్య, కొడుకులు ఐలయ్య, మొగిలయ్య, మనవడు సాయిలు. తెర మీద కొమురయ్య కోసం ఏడ్చినవాళ్లే తెల్లారి కారిడార్‌లో "ఏ కొమురయ్యా" అని ఒకణ్ని ఏడిపించారు. గంగవ్వ రీల్స్ షేర్ చేసే చేతులతోనే ఇంకొకడి తల్లి పేరుకు మీమ్ చేశారు. ఆ మీమ్‌కు నేనూ లైక్ కొట్టాను, పాపం వాడు నా రూమ్మేటే.

పోయిన నెల బాపు ఫీజు కట్టడానికి కాలేజీకి వచ్చాడు. రూమ్‌లో అందరూ లేచి "నమస్తే అంకుల్" అన్నారు. ఈసారి నేనే, "మా బాపు, పెంటయ్య" అని చెప్పాను. ఒక్క క్షణం అందరూ గోడల దిక్కు చూశారు. బాపుకు సంగతి అర్థమైనట్టుంది. మంచం మీద కూర్చుని నీళ్లు తాగి అన్నాడు: "నన్ను మా అవ్వ చాటెడు జొన్నలకు కొన్నది. వీని ఒక్క ఏడాది ఫీజుకు ఎంతమంది పెంటయ్యలొస్తరో లెక్కగట్టుండ్రి, మీరంత ఇంజినీర్లే గద."

నా రూమ్మేట్ నిజంగానే ఫోన్ తీసి జొన్నల రేటు చూశాడు. చాటకు ఎన్ని కిలోలు పడతాయో ఎవరికీ తెలియక లెక్క అక్కడే ఆగింది.