పనితనానికి పూజ, పనివాడికి పస్తు

ఈ మధ్య మన విద్యావంతులలో ఒక కొత్త భక్తి బయలుదేరింది. దానికి 'వారసత్వ పరిరక్షణ' అని పేరు. పాత ఇళ్ళను ఊడదీసి తెచ్చి ఒక తోటలో మళ్ళీ నిలబెట్టటం, వాటిలో కుమ్మరినీ, కమ్మరినీ, నేతగాణ్ణీ కూర్చోబెట్టి జనం ముందు పని చేయించటం ఈ భక్తికి పూజావిధానం. దీన్ని సజీవ చరిత్ర ప్రదర్శనశాల అంటున్నారు. టిక్కెట్టు కొన్న పట్నవాసి గంటసేపు తిరిగి, సారె మీద కుండ లేవటం చూసి ముగ్ధుడై, అంతరించిపోతున్న విద్యను తానే కాపాడినంత తృప్తితో ఇంటికి పోతాడు.

నిరుడు మా విద్యార్థులను అలాంటి ఒక హస్తకళల గ్రామానికి తీసుకువెళ్ళాను. గుంటమగ్గం మీద ఒక వృద్ధుడు నేస్తున్నాడు. పక్కన బల్ల మీద పడుగు అంటే ఏమిటో, పేక అంటే ఏమిటో, ఈ నేత ఎంత ప్రాచీనమైనదో అందంగా రాసి వుంది. మా విద్యార్థిని ఒకామె ఆ బల్ల మీద లేని సంగతి అడిగింది: "రోజుకు ఎంత గిడుతుంది తాతా?" ఆయన నాడె ఆపి, "ఈడ పది దినాలు బత్తెమిస్తరు బిడ్డా. ఇంటికాడ గా పైసలు గూడ పడయి. నా కొడుకు పట్నంల వాచ్‌మన్ పని జేస్తున్నడు. మగ్గమెక్కుమని నేనెట్ల జెప్త?" అన్నాడు.

ఆయన జవాబును ఏ బల్ల మీదా రాయలేదు. రాసివుంటే ఆ ప్రదర్శన అర్థమే మారిపోయేది.

ప్రదర్శనశాలలను సమర్థించేవారి వాదం తేలికగా కొట్టిపారేయదగినది కాదు. చేతిపని పుస్తకంలో ఇమడదు. ఇనుము ఏ ఎరుపుకు వచ్చినప్పుడు సుత్తి వెయ్యాలో, పడుగు ఎంత బిగువున వుండాలో ఒక చెయ్యి మరొక చేతికి నేర్పవలసిందే. ఒక తరం తప్పితే ఆ విద్య పోతుంది. 2003లో యునెస్కో చేసిన ఒడంబడిక ఇలాంటి విద్యలను కూడా 'అభౌతిక సాంస్కృతిక వారసత్వం'గా గుర్తించింది. 2005లో భారతదేశం దాన్ని ఆమోదించింది. ఇంతవరకు మాకు వారితో తగాదా లేదు. ఆ విద్య ఎందుకు అంతరిస్తున్నదన్న దగ్గర తగాదా వస్తుంది. "కాలం మారింది" అంటారు వారు. కాలం దానంతట అది మారదు. మార్చినవాళ్ళున్నారు, వాళ్ళకు పేర్లున్నాయి.

ఈ ప్రదర్శనశాలల చరిత్రే ఇందుకు సాక్ష్యం. యంత్రపరిశ్రమ తాకిడికి పల్లెల జీవితం మాసిపోతున్నదన్న బెంగతో 1891లో ఆర్టూర్ హాజేలియస్ స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో స్కాన్సెన్ ప్రదర్శనశాలను తెరిచాడు. ఆయన బెంగ నిజాయితీ గలదే. అమెరికా చేరేసరికి ఆ నమూనా ధనస్వాముల చేతిలో పడింది. 1913లో హెన్రీ ఫోర్డు తన కార్ల ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టి, నిపుణుడైన మెకానిక్కు చేసే పనిని ముక్కలు ముక్కలు చేసి, ఒకే కదలికను దినమంతా చేసే కూలీలకు పంచాడు. అదే ఫోర్డు 1929లో డియర్‌బోర్న్‌లో 'గ్రీన్‌ఫీల్డ్ విలేజ్' అనే పాతకాలపు పల్లెను ప్రతిష్ఠించాడు. ఆ తర్వాత మూడేళ్ళకు, 1932 మార్చి 7న, పని పోయిన కార్మికులు అదే డియర్‌బోర్న్‌లోని ఫోర్డు ఫ్యాక్టరీకి ఊరేగింపుగా వస్తే పోలీసులూ, కంపెనీ కాపలాదార్లూ కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు, గాయపడిన మరొకరు తర్వాత మరణించారు. ఫోర్డు కార్మిక సంఘాన్ని గుర్తించటానికి 1941 దాకా పట్టింది. చచ్చిన వృత్తికి పందిరి వేసి, బతికున్న కార్మికుడికి తూటా ఇచ్చిన ఈ వైనంలో నాకు వైరుధ్యమేమీ కనబడదు. పాత కమ్మరి కూలి పెంచమని అడగడు.

రెండవ ఉదాహరణ వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బుతో 1926లో ఈ పట్టణ పునరుద్ధరణ మొదలైంది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఆ పట్టణ జనాభాలో సగానికి పైగా నల్లవారు. వారిలో అత్యధికులు బానిసలు. అయినా దొరల భవనాలూ, చేతిపనుల అంగళ్ళే దశాబ్దాల పాటు అక్కడ ముందుకు వచ్చాయి. పౌరహక్కుల ఉద్యమం వచ్చి, సామాన్యుల చరిత్ర రాసే పండితులు వచ్చి నిలదీశాక, 1979 నుంచి నల్లజాతి నటులు బానిసల జీవితాన్ని అక్కడ చూపటం ప్రారంభించారు. 1994లో బానిసల వేలాన్నే ప్రదర్శించారు. దాని మీద పెద్ద దుమారం రేగింది. అంటే, ప్రదర్శనశాల తనంత తాను నిజం చెప్పదు. ఉద్యమం చెప్పిస్తే చెబుతుంది.

అదే విలియమ్స్‌బర్గ్ నుంచి మనం నేర్చుకోవలసినది మరొకటి వుంది. అక్కడ కమ్మరం, బండిచక్రాల పని, అచ్చుపని వంటి ఇరవైకి పైగా వృత్తులలో జీతమిచ్చి, ఏళ్ళ తరబడి శిష్యరికం చేయిస్తున్నారు. శిష్యుడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని వస్తాడు. ఆ వృత్తిలో పుట్టినందుకు రాడు.

మన దేశంలో ఈ తేడా ప్రాణప్రదమైనది. ఇక్కడ 'పారంపర్య నైపుణ్యం' అన్న మాటను గీకి చూస్తే కింద కులం కనబడుతుంది. కుండ ఎంత సుందరమో చెప్పేవారు, ఆ కుండ చేసినవాడి ఇంట నీళ్ళు తాగని ఊరి సంగతి చెప్పరు. వారసత్వం పేరుతో నేతగాడి కొడుకును మగ్గానికి కట్టెయ్యటం సంస్కృతీ పరిరక్షణ కాదు. వాచ్‌మన్ పనికి పోయిన ఆ కొడుకు విద్యాద్రోహి అని మనలో ఎవరు అనగలరు?

ఇక మన మిత్రులలోనే కొందరు, "యంత్రయుగంలో మగ్గం కోసం ఏడుపు దేనికి? అది భూస్వామ్య అవశేషం, పోనివ్వండి" అంటారు. వారికీ జవాబు చెప్పాలి. 2019-20 చేనేత గణన ప్రకారం ఈ దేశంలో 35 లక్షలకు పైగా జనం నేత మీదా, దాని అనుబంధ పనుల మీదా బతుకుతున్నారు. పదేళ్ళ కిందటి గణనలో వారు 43 లక్షలు. నేత కుటుంబాలలో సుమారు మూడింట రెండు వంతుల వారికి నెల రాబడి రూ. 5,000 దాటదు. బతికి వున్న ఇంత పెద్ద కార్మికవర్గాన్ని అవశేషమనటం శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదు. పనితనం భూస్వాముల సొత్తు ఎన్నడూ కాదు. అది శ్రమజీవుల మేధస్సు.

పాలకుల నీతి చూడండి. 2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. 2020లో ఆ పండుగ ఇంకా పదిరోజులుందనగా అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. నేతగాళ్ళ ప్రతినిధులు కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే వేదిక పోయింది, దండలు వేసే దినం మిగిలింది.

కనుక ప్రదర్శనశాలలను మూసెయ్యమని మేము అనటం లేదు. అక్కడ పనిచేసే వృత్తికారుణ్ణి బత్తెపు బొమ్మగా కాక, జీతం గల అధ్యాపకుడిగా నియమించాలి. ఏ కులంలో పుట్టిన పిల్లవాడైనా, ఆడపిల్ల అయినా, జీతం తీసుకుంటూ ఆయన దగ్గర పని నేర్చుకునే ఏర్పాటు చెయ్యాలి. నూలు ధర ఎంతో, కూలి ఎంతో, మాస్టర్ వీవరు లాభమెంతో, అప్పు ఎంతో బల్ల మీద రాయాలి. ఆ వృత్తి చుట్టూ అల్లుకున్న కులాన్నీ, జరిగిన పోరాటాలనూ దాచకుండా చూపాలి. ప్రదర్శనశాల గోడ బయట నూలూ, కూలీ, అంగడీ నేతగాడికి అందేదాకా ఇదంతా సగం పనే.

తెలుగు అధ్యాపకులుగా మన వంతు పని కూడా వుంది. ఆసు, కండె, నాడె, అచ్చు వంటి మాటలను మన విద్యార్థులు నిఘంటువులో వెతుక్కుంటున్నారు. ఆ మాటలు ఇంకా వాడుతున్న ఇళ్ళకు వారిని తీసుకుపోదాం. మాటతో పాటు కూలి లెక్క కూడా రాసుకు రమ్మందాం.