పద్దు ఒక దిక్కు, పైసలు ఒక దిక్కు

బడ్జెట్ పెట్టే రోజు అందరం టీవీల ముందు కూర్చుంటం. మరుసటి రోజు పత్రికల్లో శాఖల వారీ పట్టికలు చదువుకుంటం. ఆ తర్వాత పన్నెండు నెలలు ఆ లెక్కలను ఎవరు ఎట్లా మారుస్తున్నరో మనలో ఎందరం చూస్తున్నం?

రాజ్యాంగం దీనికి దారి చూపింది. 205వ అధికరణం ప్రకారం ఒక పద్దుకు ఇచ్చిన డబ్బు చాలకపోయినా, కొత్త ఖర్చు వచ్చిపడినా సర్కారు అనుబంధ పద్దులతో మళ్లీ శాసనసభ ముందుకు రావాలి. వరదలొచ్చి, సభ దాకా ఆగే వీల్లేకపోతే 267వ అధికరణం కింద ఆకస్మిక నిధి ఉంది. అందులోంచి తీసింది తర్వాత సభ ఆమోదంతో తిరిగి నింపాలి. ఒకే పద్దు లోపల మిగిలినచోటి నుంచి చాలనిచోటికి మళ్లించుకోవచ్చు. ఒక పద్దు సొమ్ము ఇంకో పద్దుకు పోరాదు.

ఆచరణ వేరు. అనుబంధ పద్దులు చాలాసార్లు వచ్చేది మార్చిలో, కొత్త బడ్జెట్ హడావుడిలో. అయిపోయిన పెళ్లికి ముహూర్తం అడిగినట్టు! అది కూడా లేకుండా దాటిపోయిన ఖర్చును సభలో క్రమబద్ధం చేయించుకోవాలె. తెలంగాణలో 2014-15 నుంచే ఆ ఖర్చు క్రమబద్ధం కాకుండా పేరుకుపోయిందని కాగ్ నివేదికలు ఏటేటా రాస్తూ వచ్చాయి. చదివిందెవరు?

ఇది పెంచే సంగతి. కోసే సంగతికి సభతో పనే లేదు. ఆర్థిక శాఖ బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ ఇయ్యకపోతే చాలు. ఇచ్చినా, బిల్లుకు టోకెన్ నంబరు పడి అక్కడే ఆగితే చాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పద్దు పుస్తకంలో భద్రంగా ఉంటది, పిల్లగాని సర్టిఫికెట్ కాలేజీ బీరువాలో భద్రంగా ఉంటది. రిటైరైన ఉద్యోగి తన జీతంలోంచి దాచుకున్న జీపీఎఫ్ కోసం నెలల తరబడి తిరుగుతడు. అది సర్కారు సొమ్ము కూడా కాదు! ఈ కోతకు ఏ సభలోనూ ఎవరూ ఓటెయ్యలేదు.

రాసింది ఒకటి, జరిగింది ఒకటి అన్నది మనకు పాత గాయమే. తెలంగాణ మిగులు తెలంగాణ అభివృద్ధికే అని 1956 పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్నరు. 1968 మార్చి దాకా లెక్క తీస్తే ఖర్చు పెట్టని మిగులు 34.10 కోట్లని లలిత్ కమిటీ, 28.34 కోట్లని భార్గవ కమిటీ చెప్పాయి. నిధులు అన్న మాట మన నినాదంలోకి ఊరికే రాలేదు.

అప్పుడు పరాయి పాలకులన్నం. 2014 జూన్ 2 తర్వాత ఆ మాట అనే వీల్లేదు. 2023లో పార్టీ మారింది, టోకెన్ల వరుస మారలేదు.

మేం అడిగేది పెద్దదేం కాదు. ఏ పద్దుకు ఎంత విడుదల చేసిన్రో, ఎంత ఆపిన్రో మూడు నెలలకోసారి పద్దుల వారీగా సభ ముందు పెట్టాలె. అనుబంధ పద్దులు శీతాకాల సమావేశాల్లోనే రావాలె. వచ్చే సమావేశాలకు ముందు మీ ఎమ్మెల్యేను కలిసినప్పుడు ఈ రెండూ అడగండి. సర్టిఫికెట్ ఆగిన పిల్లలను వెంట తీసుకుపోండి.