పదకొండు రోజులు ఏమైపోయాయి?

పిల్లలూ, చరిత్ర చదివేవాళ్ళు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: "1752 లో ఇంగ్లండు ప్రజలు సెప్టెంబరు 2 వ తేదీ రాత్రి పడుకుని, తెల్లవారి లేచేసరికి 14 వ తేదీ అయిందట. నిజమేనా?"

నిజమే. 2 వ తేదీ బుధవారం. మర్నాడు గురువారమే, కాని తేదీ 14! వారాలు తప్పలేదు, తేదీలే తప్పాయి.

ఈ తమాషాకు మూలం రోములో ఉన్నది. క్రీ. పూ. 45 లో జూలియస్ సీజరు ఏడాదికి 365 రోజులనీ, నాలుగేళ్ళకొకసారి ఒక రోజు ఎక్కువనీ ఏర్పాటు చేశాడు. అంటే ఏడాదికి 365 రోజుల 6 గంటలన్న మాట. కాని ఋతువులు ఒక చుట్టు తిరిగి రావటానికి ఇంతకన్న సుమారు 11 నిమిషాలు తక్కువ పడుతుంది. పదకొండు నిమిషాలు ఏపాటి అంటారా? 128 ఏళ్ళకు అది ఒక రోజవుతుంది! మార్చి 21 న రావలసిన, పగలూ రాత్రీ సమంగా ఉండే రోజు, పదహారో శతాబ్దంలో పది రోజులు ముందే వచ్చేసేది. ఈస్టరు పండుగకు ఆ రోజే ఆధారం గనక క్రైస్తవ గురువులకు పెద్ద చిక్కు వచ్చిపడింది.

చివరకు 1582 లో 13 వ గ్రెగొరీ పోపు లెక్క సరిచేశాడు. ఇటలీ, స్పెయిను, పోర్చుగల్ దేశాలలో ఆ ఏడు అక్టోబరు 4 తరవాత 15 వచ్చింది. 1700, 1800, 1900 వంటి సంవత్సరాలలో 400 చేత నిశ్శేషంగా భాగించగలిగిన వాటికే ఫిబ్రవరి 29 ఉంటుందన్నారు. అందుకే 1900 కు ఆ రోజు లేదు, 2000 కు ఉన్నది.

ఇంగ్లండుకు పోపు అంటే గిట్టదు. 170 ఏళ్ళు భీష్మించుకు కూర్చున్నది. ఈలోగా 1700 లో ఫిబ్రవరి 29 ని ఉంచుకున్నందువల్ల తేడా పదకొండు రోజులకు పెరిగింది. మన మద్రాసులో కూడా ఈ గొడవ కనబడుతుంది. 1746 లో ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకున్నది ఇంగ్లీషువారి లెక్కన సెప్టెంబరు 10. ఫ్రెంచివారి లెక్కన 21. ఎవరూ అబద్ధం రాయలేదు!

మరి పదకొండు రోజులు ఎగిరిపోతే అప్పున్నవాడి గతేమిటి? చట్టం చేసినవారు ఆ సంగతి మరవలేదు. గడువుకు తేదీ కాదు, గడిచిన రోజులే లెక్క అన్నారు. సెప్టెంబరు 20 న తీర్చవలసిన బాకీ అక్టోబరు 1 న తీర్చవచ్చు.

పోయిన రోజులు తిరిగి ఇమ్మని జనం అల్లర్లు చేశారని చాలా పుస్తకాలలో ఉన్నది. కాని అల్లర్లు జరిగినట్టు ఆనాటి రుజువు ఏదీ దొరకలేదు. హోగార్త్ అనే చిత్రకారుడు 1755 ప్రాంతాన ఎన్నికల విందును హేళన చేస్తూ వేసిన బొమ్మలో ఆ నినాదం రాసిన పలక ఒకటి నేల మీద పడి ఉంటుంది. ఆ హాస్యాన్నే తరవాతివాళ్ళు సాక్ష్యంగా తీసుకున్నారు.

న్యూటన్ పుట్టినరోజు ఒక పుస్తకంలో 1642 డిసెంబరు 25 అనీ, ఇంకొక దానిలో 1643 జనవరి 4 అనీ కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. రెండూ ఒకే రోజు.