పక్క ఫ్లాట్ నుంచే మ్యాచ్ వస్తే

2023 నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. ప్రగతి నగర్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో పది ఫ్లాట్లవాళ్లు అదే ఓవర్ చూస్తుంటే, అదే వీడియో సర్వర్ నుంచి పదిసార్లు దిగుతుంది. దండగ కాదూ!

పీర్-టు-పీర్ పద్ధతిలో వీడియోను ముక్కలు చేస్తారు; ఒకరికి చేరిన ముక్కను వారి కంప్యూటరే మరొకరికి అందిస్తుంది. చైనాలో పీపీలైవ్ రెండు దశాబ్దాల కిందటే ఇలా టీవీ చూపించింది. పై అంతస్తులో వికెట్ కేక వినపడ్డాక గానీ కింది ఇంట్లో బంతి పడని ఆలస్యం మాత్రం దీంతో తీరదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

ఇదే పద్ధతిలో నడిచే టోరెంట్ అనగానే మనకు పైరసీ గుర్తొస్తుంది. అసలు చిక్కు వేరే: ప్రేక్షకుడి అప్‌లోడ్ వాడుకుని కంపెనీ సర్వర్ ఖర్చు మిగుల్చుకుంటుంది. రోజుకింత డేటా కొనుక్కునేవారికి అది నష్టమే. అందుకే వైఫైలో మాత్రమే, అదీ ప్రేక్షకుణ్ని అడిగాకే పంచాలి. బదులుగా చందా తగ్గించాలి.