ఒకే సంకేతము – అనేకార్థములు

ఒక శబ్దమునకు అనేకార్థములు కల్పించుట గత్యంతరము లేనపుడే యుక్తమని మీమాంసకుల మతము. ఈ విచారము కంప్యూటరు భాషల నిర్మాతలకును తప్పలేదు. సంఖ్యలను కూడుటకైన '+' గుర్తు పదములను చేర్చుటకును చెల్లునా?

సి ప్లస్ ప్లస్ భాష ఉన్న గుర్తులకు క్రొత్త అర్థములు చెప్పుకొను స్వాతంత్ర్యమును వాడుకరికిచ్చినది. క్రొత్త గుర్తులను మాత్రము కల్పింపనీయలేదు. 1995లో వెలువడిన జావా ఆ స్వాతంత్ర్యమును నిరాకరించియు, తాను '+'ను పదముల కూర్పునకు వాడుకొన్నది. ఇది సమంజసముగా తోచదు. జూలియా భాషలో అందులకు గుణకారపు గుర్తును గ్రహించిరి. సంకలనమున క్రమము మారినను ఫలము మారదు. 'రామ', 'కృష్ణ' పదములను తారుమారు చేసిన వేఱొక పేరగును. మాత్రికల గుణకారమున క్రమభేదముచే ఫలభేదము కలదు గనుక ఆ గుర్తే తగునని వారి యుక్తి. (సంధి పాఠమున మనమును 'రవి + ఇంద్ర' అని వ్రాయుచున్నాము గదా యని ఒక విద్యార్థి ఆక్షేపించెను. నేను సమాధానము చెప్పలేకపోతిని.)

మాహేశ్వర సూత్రములందును ణకారానుబంధము రెండు మారులు వచ్చినది. 'అణ్' అనగా ఏ ణకారము వఱకు? సవర్ణగ్రాహక సూత్రమున తప్ప అంతటను పూర్వ ణకారమనియు, 'ఇణ్'నకు పర ణకారమనియు వ్యాఖ్యాన పరంపర నిర్ణయించినది. పాఠశాలలో గురుముఖమున మాకా సందేహము ఒక్క పూటలో తీఱినది. యంత్రము దత్తాంశముల జాతిని బట్టి నిశ్శంకముగా అర్థము తేల్చుకొనును. సందేహము పరులు వ్రాసిన ప్రోగ్రామును చదువు మనుష్యునిది. అతని ప్రక్కన గురువుండడు. అందుచే గుర్తు యొక్క ధర్మము చెడకుండ అర్థమును విస్తరించిన జూలియా పక్షమే నాకు సమ్మతము.